మంచు ఎవరిదైతే టైమ్ వాళ్లది

ఫిల్మ్ నగర్‌లో ‘ఓవర్సీస్’ అనే మాట వినపడని రోజు ఉండదు. ఏ సినిమా ఆఫీసు మెట్లెక్కినా, ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా అదే గోల. ఓవర్సీస్ రైట్స్ ఎంతకి పోయాయి, ప్రీమియర్లు ఎన్ని లొకేషన్లలో వేస్తున్నారు, ఎన్ని మిలియన్లు వచ్చాయి... భీమవరంలో ఈ మాట వాడరు. అక్కడ ‘ఎక్స్‌పోర్ట్’ అంటారు. మాట ఏదైనా, రెండు ఊళ్లూ ఎక్కువగా చూసేది ఒకే దేశం వైపు.

2025లో ఆ దేశం ఇద్దరి వైపూ తిరిగి చూసింది. మే నెలలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ విదేశీ సినిమాల మీద 100 శాతం సుంకం వేస్తానన్నారు. సెప్టెంబర్‌లో అదే మాట ఇంకోసారి అన్నారు. ఈ రెండింటి మధ్యలో, ఆగస్టు 27 నుంచి, మన దేశం సరుకుల మీద 50 శాతం సుంకం నిజంగానే మొదలైంది. రొయ్య అందులో పడింది. రొయ్య మీద ముందు నుంచీ ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిపితే దాదాపు 58 శాతం అయింది. సినిమాకి మాట వచ్చింది. రొయ్యకి బిల్లు వచ్చింది.

ఇద్దరికీ ఇంకో తేడా ఉంది. సినిమా ఇప్పుడు ఫైల్ రూపంలో పోతుంది. రీళ్ల డబ్బాలు మోసే రోజులు పోయాయి. థియేటర్ సర్వర్‌లో ఫైల్ ముందే ఉంటుంది, దాన్ని తెరిచే డిజిటల్ తాళం టైముకి వస్తే షో పడుతుంది. రొయ్యని డౌన్‌లోడ్ చేసుకోలేం కదా. అది తెల్లటి ఇనప డబ్బాలో కూర్చుని, వారాల తరబడి సముద్రం దాటాలి. ఆ డబ్బా గురించి, దాని చుట్టూ ఉన్న టైమ్ గురించి ఈ వారం మాట్లాడుకుందాం.

కోటి రూపాయల డబ్బా

ముందు లెక్కలు. మన దేశం 2023-24లో 17,81,602 టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. విలువ 60,523 కోట్ల రూపాయల పైనే. అందులో గడ్డకట్టించిన రొయ్యలు 7,16,004 టన్నులు. వాటిలో 2,97,571 టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. అంటే ప్రతి పది కిలోల్లో నాలుగు కిలోలు అక్కడి ప్లేట్లలోకే.

‘సముద్ర ఉత్పత్తులు’ అనేది రికార్డుల్లో మాట. నిజానికి ఈ రొయ్యల్లో ఎక్కువ భాగం సముద్రం మొహం చూసేది ఓడ ఎక్కాకే. పుట్టేది హేచరీలో, పెరిగేది చెరువులో. సాగు రొయ్యల్లో దేశానికి పెద్దన్న ఆంధ్రప్రదేశ్. ఉభయ గోదావరులు, కృష్ణా, నెల్లూరు, ప్రకాశం వైపు వెళ్తే గట్ల మీద ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. పెంచుతున్నది ఎక్కువగా వనామీ రకం. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం, మెక్సికో నుంచి పెరూ దాకా. 2009లో మన దగ్గర సాగుకి అనుమతి వచ్చింది. పుట్టింటి వైపు దేశమైన ఈక్వెడార్ ఇప్పుడు మనకి గట్టి పోటీ. మన మీద 50 శాతం పడిన రోజుల్లో ఈక్వెడార్ మీద పడింది 15 శాతం.

ఇప్పుడు డబ్బా లెక్క. 2023-24లో గడ్డకట్టించిన రొయ్యల ఎగుమతి విలువ 488 కోట్ల డాలర్లు. భాగిస్తే సగటున కిలో 6.8 డాలర్లు. 40 అడుగుల కంటైనర్‌లో సుమారు 17 టన్నులు ఎక్కించారనుకోండి, సరుకు విలువ లక్షా 15 వేల డాలర్లు. రూపాయల్లో దాదాపు కోటి. కోటి రూపాయలకి సినిమా తీసేవాళ్లు మన గల్లీల్లోనే ఉన్నారు. ఇక్కడ అంత డబ్బూ ఒక కరెంట్ ప్లగ్ మీద ఆధారపడి ఉంటుంది.

రీఫర్ చేసే పని, చేయని పని

ఈ డబ్బాని ‘రీఫర్’ అంటారు. చూడ్డానికి పెద్ద ఫ్రిజ్. ఒక చివర మెషీన్, ఇంకో చివర తలుపులు. కానీ మన ఇంట్లో ఫ్రిజ్ చేసే పని ఇది చేయదు. వేడిగా ఉన్న గిన్నెని ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుంది. రీఫర్ డ్యూటీ అది కాదు. లోపలికి వచ్చిన సరుకు ఏ చలిలో వచ్చిందో ఆ చలిని కాపాడటమే దాని పని. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఎక్కిస్తే మైనస్ 18లో దించుతుంది. మైనస్ 8లో ఎక్కించి ‘దారిలో అదే సర్దుకుంటుందిలే’ అంటే సర్దుకోదు.

అందుకే అసలు చలి డబ్బాలో పుట్టదు, ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పుడుతుంది. చెరువులో పట్టుబడి అవగానే రొయ్యని ఐసు నీళ్లలో ముంచుతారు. ఆలస్యమైతే నల్లమచ్చలు వస్తాయి, రేటు పడిపోతుంది. ఐసు పొరల మధ్య క్రేట్లలో పేర్చి లారీలో ప్లాంట్‌కి పంపిస్తారు. అక్కడ తల తీస్తారు, పొట్టు ఒలుస్తారు, వెన్ను మీది నరం తీస్తారు. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. గ్లౌజులు, గమ్ బూట్లు వేసుకుని, చల్లటి హాళ్లలో షిఫ్టంతా నిలబడి చేస్తారు. అమెరికా సూపర్ మార్కెట్‌లో ‘క్లీన్ చేసి ఉంది’ అని రాసి ఉన్న ప్రతి ప్యాకెట్ వెనకా వాళ్ల చేతులున్నాయి.

తర్వాత గడ్డకట్టించడం. ఒక్కో రొయ్యనీ విడివిడిగా, మైనస్ 35, మైనస్ 40 డిగ్రీల గాలిలో నిమిషాల్లో గడ్డకట్టిస్తారు. దీన్నే ఐక్యూఎఫ్ అంటారు. ఎందుకంత తొందర? నీరు నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవవుతాయి, కండలోని కణాల గోడల్ని పొడిచేస్తాయి. కరిగాక నీళ్లు కారిపోయి రొయ్య మెత్తటి పీచులా మిగులుతుంది. వేగంగా గడ్డకడితే పలుకులు చిన్నగా ఉంటాయి, కండ నిలుస్తుంది. ఇంటి ఫ్రీజర్‌లో పెట్టిన రొయ్యలకీ, ప్లాంట్ రొయ్యలకీ తేడా ఇదే. పైన పల్చగా ఐసు పూత పూస్తారు. దానికి గ్లేజింగ్ అని పేరు. గాలి తగిలి ఎండిపోకుండా అదో చొక్కా.

మైనస్ 18 అనే అంకె ఎక్కడిదనే డౌట్ మీకూ వచ్చి ఉంటుంది. ఫారెన్‌హీట్ స్కేల్‌లో అది దాదాపు సున్నా, అంతే. ఎవరో గుండు సున్నా ఎంచుకున్నారు, ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. మైనస్ 15 సరిపోతుంది, బోలెడంత కరెంట్ మిగులుతుంది అంటూ 2023 చివర్లో ఓడరేవు కంపెనీలు, షిప్పింగ్ కంపెనీలు కొన్ని కలిసి ఒక కూటమి కట్టాయి. మూడు డిగ్రీల మీద ప్రపంచం వాదించుకుంటోందంటే ఈ వ్యాపారం సైజు అర్థం చేసుకోండి.

ఇక గాలి. రీఫర్ నేల చదునుగా ఉండదు. పొడుగునా అల్యూమినియం పట్టీలు, వాటి మధ్య సందులు. చల్లగాలి ఆ సందుల్లోంచి కింద పరుచుకుని, పైకి లేచి, కప్పు కింద నుంచి మళ్లీ మెషీన్‌కి చేరుతుంది. లోపల గోడ మీద ఎర్రగీత ఉంటుంది. అట్టపెట్టెలు ఆ గీత దాటి పేర్చకూడదు. ఇంకో పది పెట్టెలు పడతాయి కదా అని కప్పు దాకా కుక్కితే గాలి తిరిగే దారి మూసుకుపోతుంది. మెషీన్ స్క్రీన్ మీద మైనస్ 18 కనిపిస్తూనే ఉంటుంది, తలుపు దగ్గర సరుకు మాత్రం చెడుతూ ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉండి యాప్ పడిపోవడం మా ఫీల్డ్ వాళ్లందరికీ తెలిసిన బాధే.

గాలి ఎంత ముఖ్యమో 140 ఏళ్ల కింద ఒక కెప్టెన్ ప్రాణాల మీదికి వచ్చింది. 1882 ఫిబ్రవరిలో ‘డునెడిన్’ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి దాదాపు 5,000 గొర్రె, గొర్రెపిల్ల కళేబరాలతో లండన్ బయల్దేరింది. లోపల బొగ్గుతో నడిచే శీతల యంత్రం. ఉష్ణ మండలానికి వచ్చేసరికి గాలి సరిగ్గా తిరగడం లేదని తేలింది. కెప్టెన్ జాన్ విట్సన్ స్వయంగా లోపలికి పాక్కుంటూ వెళ్లి గాలి గొట్టానికి కొత్త రంధ్రాలు కోశాడు. ఆ చలికి అక్కడే కొయ్యబారిపోతే మనుషులు తాడు కట్టి బయటికి లాగారు. 98 రోజుల తర్వాత ఓడ లండన్ చేరింది. సరుకంతా కలిపి పారేయాల్సి వచ్చింది ఒక్క కళేబరమే.

అప్పటి దాకా న్యూజిలాండ్‌లో గొర్రెకి విలువ ఉన్నితోనే. మాంసం కొనేవాడు లేక ఉడకబెట్టి కొవ్వు తీసుకునేవాళ్లు. ఆ ఒక్క ప్రయాణంతో మాంసం సరుకైంది. గొర్రె మారలేదు, గడ్డి మారలేదు. అమ్ముకోవడానికి టైమ్ దొరికింది, అంతే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అరటికి వేరే లెక్క

రీఫర్ అంటే గడ్డకట్టిన సరుకే కాదు. 2020 జనవరిలో అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకి ఒక రైలు వెళ్లింది. 43 రీఫర్ కంటైనర్లు, 980 టన్నుల అరటి. అక్కడి నుంచి ఓడలో విదేశాలకి. వాన ముఖం చూడని అనంతపురం, డ్రిప్ కింద పండించిన అరటిని రైలు నిండా ఎగుమతికి పంపడం అప్పట్లో పెద్ద వార్త.

అరటికి మైనస్ 18 పెడితే పని అయిపోయినట్టే. దానికి 13, 14 డిగ్రీలు కావాలి. అంతకంటే కిందికి వెళ్తే తొక్క బూడిద రంగులోకి మారి, ఎప్పటికీ సరిగ్గా పండదు. మామిడికీ దాదాపు ఇదే కథ. పైగా పండు బతికే ఉంటుంది. కోసిన తర్వాత కూడా ఊపిరి పీలుస్తుంది, వేడి వదులుతుంది. అందుకే దాని అట్టపెట్టెలకి రంధ్రాలుంటాయి. గాలి పెట్టెల లోపల నుంచి వెళ్లాలి. గడ్డకట్టిన రొయ్య ఊపిరి పీల్చదు కాబట్టి గాలి దాని చుట్టూ తిరిగితే చాలు. బయటికి ఒకేలా కనిపించే రెండు డబ్బాలు, లోపల రెండు వేరే ప్రపంచాలు.

ఇంకో తేడా అన్నిటికంటే పెద్దది. చల్లబరిచిన అరటికి దొరికే టైమ్ వారాల్లోనే. గడ్డకట్టిన రొయ్యకి ఏడాదిన్నర, రెండేళ్లు. అంటే అరటి వ్యాపారి పరిగెత్తాలి. రొయ్యల వ్యాపారి ఆగగలడు.

సముద్రం మీద నలభై రోజులు

ప్లాంట్ దగ్గర డబ్బా నింపి సీల్ వేస్తారు. ట్రెయిలర్ మీద జెన్‌సెట్ బిగిస్తారు, దారంతా కరెంట్ దాన్నుంచే. విశాఖ కంటైనర్ టెర్మినల్‌కో, చెన్నై వైపు రేవులకో చేరాక యార్డులో ప్లగ్ పెడతారు. ఓడ ఎక్కాక ఓడ ప్లగ్. ఇలా చేతులు మారిన ప్రతిసారీ కాసేపు కరెంట్ ఉండదు. తలుపులు మూసి ఉంటే గంటో రెండు గంటలో పెద్ద ప్రమాదం కాదు. యార్డులో ప్లగ్ పెట్టడం మర్చిపోయి, మే నెల ఎండలో ఒక రోజంతా వదిలేస్తే మాత్రం వేరే కథ.

ఇప్పుడు డబ్బాలే కబురు చెబుతున్నాయి. లోపలి టెంపరేచర్, డబ్బా ఎక్కడుంది, కరెంట్ ఉందా లేదా అన్నవన్నీ మోడెమ్ ద్వారా పంపుతాయి. మెర్స్క్ కంపెనీ 2017లో ఈ సమాచారాన్ని సరుకు పంపేవాళ్లకి కూడా చూపించడం మొదలుపెట్టింది. ఫుడ్ డెలివరీ యాప్‌లో బైక్ బొమ్మ చూస్తారే, అలాంటిదే. అయితే బైక్ అరగంట, ఇది నలభై రోజులు. ఆ లాగ్‌కి ఇంకో ఉపయోగం ఉంది. సరుకు పాడైతే తప్పు ఎవరి చేతిలో ఉన్నప్పుడు జరిగిందో గంటతో సహా చెబుతుంది. కానీ పోయిన చలిని తిరిగి తేలేదు. సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లిపోవచ్చు. కరిగి మళ్లీ గడ్డకట్టిన రొయ్యకి ఆ సౌకర్యం లేదు.

విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి దారిని బట్టి 35 నుంచి 50 రోజులు. 2023 నవంబర్‌లో ఎర్రసముద్రంలో హూతీలు ‘గెలాక్సీ లీడర్’ అనే ఓడని పట్టుకున్నారు. దాడులు పెరిగి, డిసెంబర్ నుంచి పెద్ద కంపెనీలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా కింద కొస నుంచి చుట్టు తిరగడం మొదలుపెట్టాయి. మన సరుకుకి వారం, పది రోజులు అదనం. రొయ్య ఏమీ కాలేదు, డబ్బాలో చల్లగా కూర్చుంది. కిరాయి పెరిగింది, డబ్బు చేతికి రావడం ఆలస్యమైంది.

అదే ఆలస్యం 2025 ఆగస్టులో గుండెల్లో రైళ్లు పరిగెత్తించింది. అదనపు 25 శాతం సుంకం ఆర్డర్‌లో ఒక మినహాయింపు పెట్టారు. ఆగస్టు 27 కంటే ముందు ఓడ ఎక్కి, సెప్టెంబర్ 17 కంటే ముందు అమెరికాలో క్లియర్ అయిన సరుకుకి ఆ కొత్త 25 శాతం ఉండదు. వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క వేయండి. రెండు తేదీల మధ్య 21 రోజులు. మన ఓడకి కావాల్సింది 40. అంటే ఆగస్టు మొదటి వారం నాటికే ఓడ ఎక్కని రొయ్యకి ఆ మినహాయింపు కాగితం మీదే. సినిమా ఫైల్ అయితే ఆ రాత్రికే చేరిపోయేది.

చెరువు గట్టు మీద గంటలు

ఇంతదాకా డబ్బా లోపలి రొయ్య కథ. ఇప్పుడు చెరువులో ఉన్న రొయ్య దగ్గరికి వద్దాం. అసలు సంగతి ఇక్కడే ఉంది.

మా ఆఫీసులో ఒక కుర్రాడిది ఉండి దగ్గర ఊరు. వాళ్ల నాన్నగారికి నాలుగు ఎకరాల చెరువు. రోజూ సాయంత్రం ఫోన్ వస్తుంది. మొదట అన్నం తిన్నావా అని ఉండదు. ‘ఏరా, కౌంట్ రేటు ఏమన్నా చూశావా?’ అనే. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు. 30 కౌంట్ అంటే 33 గ్రాముల పెద్ద రొయ్య, రేటు ఎక్కువ. సీడ్ వదిలిన దగ్గర నుంచి వంద, నూట ఇరవై రోజుల పంట.

ఈ వంద రోజుల్లో రైతుకి ఆగే బటన్ లేదు. ఖర్చులో సగం పైనే మేత. చాలామంది మేత అప్పు మీద తెస్తారు. రేటు బాగాలేదని పదిహేను రోజులు ఆగితే పదిహేను రోజుల మేత, ఏరియేటర్లకి పదిహేను రోజుల కరెంట్. ఈలోపు వైట్ స్పాట్ తగిలినా, విబ్రియో వచ్చినా రెండు రోజుల్లో చెరువు ఖాళీ. జబ్బు కనిపించిన రాత్రి వల వేయాల్సిందే. పట్టిన రొయ్యకి ఐసులో ఉండే టైమ్ ఎంత? కొన్నదే ధర అనే టైమ్.

2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. 2వ తేదీన ట్రంప్ మన దేశం మీద 26 శాతం సుంకం ప్రకటించారు. రోజుల్లోనే గోదావరి జిల్లాల్లో కౌంట్ రేట్లు పడ్డాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రొయ్యకి మినహాయింపు ఇప్పించమని కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కి లేఖ రాశారు. ఏప్రిల్ 9న అమెరికా ఆ పెంపుని 90 రోజులు ఆపేసింది, 10 శాతం మాత్రం ఉంచింది. అంటే ఆ 26 శాతం మన రొయ్య మీద పడనే లేదు. ఆ వారం చెరువు పట్టిన రైతుకి మాత్రం పడిపోయింది.

చట్టం ప్రకారం సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడు. అతను ‘రేటు తగ్గించు’ అని మన ఎగుమతిదారుని అడుగుతాడు. ఎగుమతిదారు కొనే రేటు తగ్గిస్తాడు. ఏజెంట్ తన కమీషన్ తను తీసుకుంటాడు. గొలుసులో చివర ఉన్నవాడికి ఇక అడగడానికి ఎవరూ లేరు, చెరువులో రొయ్య తప్ప. ఇందులో ఎగుమతిదారుని విలన్ చేయడం నా ఉద్దేశం కాదు. కోటి రూపాయల సరుకు సముద్రం మధ్యలో ఉండగా రూల్స్ మారితే ఆయన కూడా మునుగుతాడు. కానీ ఆయన దగ్గర కోల్డ్ స్టోరేజ్ ఉంది. రేటు బాగాలేకపోతే రెండు నెలలు ఆగొచ్చు. అమెరికా కాదంటే వేరే దేశం వెతుక్కోవచ్చు. రైతు దగ్గర ఉన్నది ఐసు క్రేటు.

గొలుసు మొత్తం చూస్తే ఒకటి తేలుతుంది. చలి అంటే గడ్డకట్టిన టైమ్. దాన్ని చేతిలో పెట్టుకున్నవాడు బేరం ఆడతాడు. లేనివాడు చెప్పిన రేటుకి ఇచ్చేస్తాడు. డునెడిన్ ఓడ న్యూజిలాండ్ రైతుకి ఇచ్చిన టైమ్, మన చెరువు గట్టు దాకా ఇంకా రాలేదు.

మిర్చి రైతుకి ఉంది, సినిమాకీ ఉంది

ఇది మనకి తెలియని విద్య కాదు. గుంటూరు వెళ్లండి. మిర్చి యార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజ్‌లే. పంట వచ్చిన నెలలో ధర లేకపోతే రైతు బస్తాలు అక్కడ పెడతాడు, వాటి మీద అప్పు తెచ్చుకుంటాడు, ధర వచ్చినప్పుడు అమ్ముతాడు. ఎప్పుడూ లాభమే అని కాదు. కొన్నిసార్లు ధర ఇంకా పడుతుంది, అద్దె మీద పడుతుంది. అయినా అమ్మాలా ఆగాలా అన్నది తను నిర్ణయించుకుంటాడు.

ఫిల్మ్ నగర్ సంగతీ అంతే. సినిమా కూడా త్వరగా పాడైపోయే సరుకే. శుక్రవారం ఆడకపోతే సోమవారానికి వాసన వస్తుంది. ఒకప్పుడు నిర్మాతకి ఫైనాన్షియర్ వడ్డీ పెరుగుతుంటే, దొరికిన డేట్‌కి, దొరికిన రేటుకి వదిలేయాల్సి వచ్చేది. తర్వాత శాటిలైట్ హక్కులు వచ్చాయి, ఆ తర్వాత ఓటీటీ వచ్చింది. ముందే ఆ డీల్ కుదిరితే కాస్త ఊపిరి పీల్చుకుని మంచి డేట్ కోసం ఆగొచ్చు. అదీ ఒక రకం కోల్డ్ స్టోరేజే.

మిర్చి ఎండుసరుకు, దానికి మామూలు చలి చాలు. రొయ్యకి మైనస్ 40లో గడ్డకట్టించే ప్లాంట్ కావాలి, మైనస్ 18 గది కావాలి, ఆగని కరెంట్ కావాలి, ల్యాబ్ టెస్టులు కావాలి. నాలుగు ఎకరాల రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కానీ నాలుగు ఊళ్ల రైతుల సంఘం అద్దెకి తీసుకోగలదు. ‘మా రొయ్య గడ్డకట్టించి పెట్టండి, సరుకు మాది, కూలి మీది’ అనే పద్ధతిలో ప్లాంట్‌తో ఒప్పందం చేసుకోవచ్చు. గోదాము రసీదు మీద బ్యాంకు అప్పు ఇచ్చే ఏర్పాటుకి 2007 నుంచి కేంద్ర చట్టమే ఉంది. ఎన్నికలప్పుడు యూనిట్ కరెంట్ ఎంత అని మాత్రమే కాదు, మండలానికి ఎన్ని టన్నుల చలి అని కూడా ఆక్వా జిల్లాల్లో అడగాలి.

రెండో దారి మనమే. కోడిగుడ్డుకి 1982లో మొదలైన ‘నెక్’ ఉంది. రైతులే కలిసి రేటు చెప్పుకోవడం, జనం చేత తినిపించడం దాని పని. రొయ్యకీ అలాంటిది కావాలన్న మాట 2025లో ఆంధ్రలో గట్టిగా వినిపించింది. ఒకే దేశం నూటికి నలభై కిలోలు కొంటుంటే, ఆ దేశం తుమ్మితే మనకి జలుబు చేస్తుంది. అదే హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు కూడా గట్టిగా తింటుంటే రైతుకి ఇంకో బేరం ఉంటుంది.

చివరి నాలుగు కిలోమీటర్లు

తమాషా ఏంటంటే, భీమవరం రొయ్య న్యూజెర్సీ చేరే దారిలో చలి దాదాపు తప్పదు. అదే రొయ్య జూబ్లీహిల్స్ చేరే దారిలో తప్పుతుంది. చాలావరకు ఐసు పెట్టిన థర్మోకోల్ డబ్బాల్లో రాత్రికి రాత్రి నాలుగువందల కిలోమీటర్లు వస్తుంది. పొద్దున అంగట్లో ‘ఫ్రెష్’ అని అమ్ముతారు. ఫ్రీజర్ ప్యాకెట్ చూసి మనం మొహం తిప్పుకుంటాం, ‘అది నిల్వ సరుకు’ అని. పట్టిన కొన్ని గంటల్లో గడ్డకట్టించిన రొయ్య కంటే, మూడోరోజు ఐసు కరిగిన నీళ్లలో తేలుతున్న రొయ్య ఫ్రెష్ ఎలా అవుతుందో ఒకసారి ఆలోచించండి.

ఫ్రీజర్ ప్యాకెట్ కొనేటప్పుడు చూడాల్సినవి మూడే. ఊపితే రొయ్యలు విడివిడిగా గలగలమనాలి. ఒకే ముద్దగా ఉంటే, విడివిడిగా గడ్డకట్టించిన సరుకు దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ప్యాకెట్ లోపల మంచు పొడి ఎక్కువగా కనిపిస్తే చలి ఎక్కుతూ దిగుతూ వచ్చిందని అర్థం. అంచులు తెల్లగా ఎండిపోయి ఉంటే వదిలేయండి. ఇంకో మాట. గడ్డకట్టించడం వల్ల క్రిములన్నీ చావవు, పెరగకుండా ఆగుతాయి. అందుకే కింది అరలో, ఫ్రిజ్‌లోనే కరిగించండి, ప్లాట్‌ఫామ్ మీద కాదు. కరిగాక మళ్లీ ఫ్రీజర్‌లోకి తోయకండి, ఇగురు పెట్టేయండి.

పది నిమిషాల డెలివరీ బైక్ మీద మామూలు సంచిలో ఫ్రోజెన్ ప్యాకెట్ వస్తే అడగండి, చల్లటి సంచి ఏదని. గడ్డకట్టించిన సరుకుని జనం నమ్మితేనే ఇక్కడ చలి గదులు కట్టడానికి ఎవరైనా ముందుకొస్తారు. కట్టినప్పుడే రైతుకి ఆగే చోటు దొరుకుతుంది.

సుంకం అంకెలు మారుతూనే ఉంటాయి. ఓడల దారులూ మారతాయి. వాటి మీద ఉండిలో ఉన్న రైతుకి గానీ, ఫిల్మ్ నగర్‌లో ఉన్న నాకు గానీ చేయి లేదు. వల పైకి లేచిన తర్వాత ఆ రొయ్య ఎన్ని రోజులు ఆగగలదు, ఎవరి గదిలో ఆగుతుంది అన్నది మాత్రం మన రాష్ట్రంలో, మన డబ్బుతో తేల్చుకోగలిగిన సంగతి. రేటు ఎంత అని రోజూ సాయంత్రం కొడుక్కి ఫోన్ చేసే పెద్దాయన, ‘ఈ వారం అమ్మనులే’ అని ఒక్కసారైనా అనగలగాలి.